రోజువారీ పనికి ఏ ప్రాసెసర్ సరిపోతుంది, ఎక్కడ తేడా కొడుతుంది

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, కొత్త డెస్క్‌టాప్‌కి కొటేషన్ అడిగితే ముందుగా వచ్చే ప్రశ్న "ఐ5 కావాలా, ఐ7 కావాలా?" అని. ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పకండి. 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5యే, 2022 జనవరిలో వచ్చిన ఐ5-12400 కూడా ఐ5యే. మొదటిదానికి నాలుగు కోర్లు (లోపల విడివిడిగా పనిచేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు). రెండోదానికి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 12వ తరం ఐ3-12100ని 2017 నాటి ఐ7-7700 పక్కన పెడితే, రెండింటికీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే అయినా ఐ3యే ముందుంటుంది. పేరులో ఐ తర్వాతి అంకె ఒక్కటే చూసి కొన్నవాళ్ళు ఎక్కువ డబ్బు పెట్టి పాత సరుకు ఇంటికి తెచ్చుకుంటారు.

రోజువారీ పని అంటే ఇక్కడ నేను అనుకుంటున్నది ఇదీ: బ్రౌజర్‌లో పాతిక ముప్పై ట్యాబులు, ఎక్సెల్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, గూగుల్ మీట్, స్కానింగు, ప్రింటింగు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, డీటీపీ, అమీర్‌పేటలో కోర్సు చేసే విద్యార్థి ఇంట్లో చేసుకునే ప్రోగ్రామింగు. భారీ గేములు, 4కే వీడియో ఎడిటింగు లెక్క వేరు, వాటి జోలికి వెళ్ళడం లేదు. ఈ పనులకి మధ్యస్థాయి ప్రాసెసర్లలో ఎక్కువగా కనబడేవి మూడు: ఇంటెల్ ఐ5-12400, ఏఎండీ రైజెన్ 5 5600జీ, రైజెన్ 5 7600. మూడూ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లవే. కాగితం మీద కవల పిల్లల్లా కనిపించే ఈ మూడూ పనిలో ఎక్కడ విడిపోతాయో చూడాలంటే ఒకటే పద్ధతి. మనం కంప్యూటర్ ముందు దేనికోసం ఎదురుచూస్తున్నామో దాన్ని కొలవాలి. మిగతా నంబర్లన్నీ దాని తర్వాతే.

గిగాహెర్ట్జ్ దగ్గరే మొదటి పొరపాటు

ఐ5-12400 డబ్బా మీద బేస్ స్పీడు 2.5 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది. పాత ఐ5-3470ది 3.2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "ఇది పాతదానికన్నా తక్కువ కదా" అని. బేస్ స్పీడు అంటే 65 వాట్ల పరిమితిలో, అన్ని కోర్లూ పూర్తి బరువు మోస్తున్నప్పుడు కూడా కంపెనీ హామీ ఇచ్చే కనీస వేగం. మామూలు పనిలో ఆ ప్రాసెసర్ అక్కడ ఉండనే ఉండదు. ఒక కోర్ మీద పని పడితే 4.4 వరకు, ఆరూ పనిచేస్తుంటే 4.0 వరకు వెళుతుంది.

ఇలా పైకెళ్ళే వేగాలను, అంటే టర్బో స్పీడులను పోల్చినా పూర్తి న్యాయం జరగదు. ఐ5-12400, రైజెన్ 5 5600జీ రెండూ 4.4 గిగాహెర్ట్జే. అయినా ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 ప్రోగ్రామ్‌లో సింగిల్ కోర్ స్కోరు మొదటిదానికి 1,650–1,700 చుట్టూ వస్తే, రెండోదానికి 1,450–1,500 చుట్టూ వస్తుంది. ఒక్కో గడియారపు టిక్కులో ఎంత పని పూర్తవుతుందన్నది డిజైన్‌ని బట్టి ఉంటుంది. 12వ తరం కోర్ అక్కడ ముందుంది. 7600 ఏకంగా 5.1 వరకు వెళుతుంది కాబట్టి అది 1,850 చుట్టూ తెస్తుంది. అన్ని కోర్లూ కలిపిన స్కోర్లు వరసగా 12,000, 11,000, 14,000 ప్రాంతంలో ఉంటాయి. బోర్డును బట్టి, గది వేడిని బట్టి కాస్త అటూఇటూ అవుతాయి.

ఇందులో రోజువారీ పనికి పట్టించుకోవాల్సింది సింగిల్ కోర్ స్కోరు. వెబ్ పేజీలో జావాస్క్రిప్ట్ ప్రధానంగా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. బటన్ నొక్కాక పేజీ స్పందించే లోపు గడిచే క్షణం ఆ ఒక్క కోర్‌దే. డీటీపీ వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎన్నో షాపుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్, దాని పక్కన తెలుగు టైపింగుకి అను స్క్రిప్ట్ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అంటే ఇళ్ళలో కంప్యూటర్లకి ఒకటే కోర్ ఉన్న కాలంలో. దానికి పది కోర్ల ప్రాసెసర్ ఇచ్చినా తొమ్మిది ఖాళీగా కూర్చుంటాయి. ఇన్విటేషన్ కార్డులు, పాంఫ్లెట్లు చేసే షాపుకి ఐ7 అమ్మడం నాకు నచ్చని విషయం. ఆ తేడా డబ్బుతో మంచి మానిటర్ వస్తుంది, కళ్ళకైనా మేలు.

మరి ఆరు కోర్లు ఎందుకు అంటే, వెనకాల నడిచే పనుల కోసం. విండోస్ అప్‌డేట్ దిగుతుంటుంది, డిఫెండర్ (విండోస్ యాంటీవైరస్) స్కాన్ చేస్తుంటుంది, ఇంకో పక్క మీట్‌లో క్లాసు. నాలుగు కోర్ల, నాలుగు థ్రెడ్ల పాత ప్రాసెసర్లు నత్తనడక నడిచేది సరిగ్గా అప్పుడే. ఆరు కోర్లుంటే ఆ భారం కనబడదు. ఆరు దాటాక మాత్రం, పైన చెప్పిన పనుల్లో చేతికి తెలిసే తేడా ఉండదు. ఐ5-14400కి ఆరు పెద్ద కోర్లతో పాటు నాలుగు చిన్న కోర్లు ఉంటాయి, మొత్తం పదహారు థ్రెడ్లు. పెద్ద ప్రాజెక్టులు కంపైల్ చేసేవాళ్ళకి, వీడియోలు కన్వర్ట్ చేసేవాళ్ళకి అది ఉపయోగమే. ఎక్సెల్‌కి కాదు.

చివర ఉన్న ఒక్క అక్షరం

అసెంబుల్ చేయించిన కంప్యూటర్లలో అన్నిటికన్నా ఎక్కువ గొడవ తెచ్చేది ఇదే. ఐ5-12400కి, ఐ5-12400ఎఫ్‌కి తేడా ఒక అక్షరం, కొంచెం ధర. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ (తెర మీదికి బొమ్మ పంపే భాగం) లేనట్టే. మదర్‌బోర్డు వెనకాల హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటుంది, కేబుల్ పెడితే తెర నల్లగానే ఉంటుంది. బోర్డు పాడైందనుకుని తిరగడం మొదలవుతుంది. చివరికి ఏదో పాత గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టాల్సి వస్తుంది. మిగిలిన డబ్బుకు రెట్టింపు పోతుంది, పైగా ఆ కార్డు వేడి, దాని ఫ్యాన్ చప్పుడు అదనం.

ఏఎండీలో సూత్రం తరాన్ని బట్టి మారుతుంది. 5000 సిరీస్‌లో జీ అక్షరం ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. 5600జీకి ఉంది, ఉత్త 5600కి లేదు. 7000 సిరీస్ డెస్క్‌టాప్‌లలో ఎఫ్ లేనివాటన్నిటికీ చిన్నదైనా గ్రాఫిక్స్ ఉంటుంది, కాబట్టి 7600కి ఉంది, 7500ఎఫ్‌కి లేదు. కొటేషన్ కాగితం మీద మోడల్ నంబర్ పూర్తిగా, చివరి అక్షరంతో సహా రాయించుకోండి. "ఐ5 12వ జెనరేషన్" అని మాత్రమే రాస్తే ఒప్పుకోవద్దు.

ఉన్న గ్రాఫిక్స్‌లో కూడా పనిని బట్టి ఎంచుకోవాలి. చిన్న గేముల విషయంలో 5600జీలోని వేగా 7, ఐ5-12400లోని యూహెచ్‌డీ 730 కన్నా చాలా ముందుంటుంది. వీడియో విషయంలో కథ తిరగబడుతుంది. యూట్యూబ్ చాలా వీడియోలను ఏవీ1 ఫార్మాట్‌లో పంపుతోంది. యూహెచ్‌డీ 730లో దాన్ని విప్పే సర్క్యూట్ ఉంది, 7600లోనూ ఉంది, 5600జీలో లేదు. 5600జీ ఆ పని కోర్ల చేత చేయిస్తుంది. 1080పీ వీడియోకి ఇబ్బంది రాదు. 4కే, 60 ఫ్రేముల వీడియో పెట్టినప్పుడు ప్రాసెసర్ వాడకం పెరిగి ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. చూసుకోవడం తేలిక. వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కితే వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది. అది కదులుతుంటే పని గ్రాఫిక్స్ చేస్తోంది. అది చదునుగా ఉండి పైన సీపీయూ శాతం ఎగబాకితే కోర్లు మోస్తున్నాయి.

4కే మానిటర్ కొనేవాళ్ళు బోర్డు స్పెసిఫికేషన్‌లో హెచ్‌డీఎంఐ వెర్షన్ కూడా చూడాలి. కొన్ని చవక బోర్డుల్లో 1.4 వెర్షనే ఉంటుంది. దాని మీద 4కే అంటే సెకనుకి 30 ఫ్రేములే, మౌస్ పాయింటర్ కూడా ఈడ్చినట్టు కదులుతుంది.

ఒక్క ర్యామ్ కడ్డీతో సగం ప్రాసెసర్

లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. డీడీఆర్4-3200 ర్యామ్ ఒక్క చానెల్‌లో సెకనుకి 25.6 జీబీ అందిస్తుంది, రెండు చానెళ్ళలో 51.2 జీబీ. 16 జీబీ ఒకటే కడ్డీ పెట్టినా, 8 జీబీవి రెండు పెట్టినా టాస్క్ మేనేజర్‌లో 16 అనే కనిపిస్తుంది. కానీ మొదటి పద్ధతిలో 5600జీ గ్రాఫిక్స్ సత్తా చాలా పడిపోతుంది. గేములు ఆడే పిల్లలున్న ఇంట్లో ఆ తేడా మొదటి రోజే బయటపడుతుంది. యూహెచ్‌డీ 730లో అంత తేడా రాదు, అయినా రెండు కడ్డీలే మేలు.

నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. మొదటి రెండింటిలో పెడితే రెండూ ఒకే చానెల్‌లో పడతాయి. సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ తెరిస్తే ఎన్ని చానెళ్ళు నడుస్తున్నాయో కనిపిస్తుంది.

ర్యామ్ వేగం ఇంకో ఉచ్చు. డీడీఆర్5-6000 అని డబ్బిచ్చి కొన్న ర్యామ్, బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) ఎక్స్‌పో అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేయకపోతే 4800 దగ్గరే ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో ఆ సెట్టింగు పేరు ఎక్స్‌ఎంపీ. ఇంటెల్ చవక రకం హెచ్610 బోర్డులో అదీ కుదరదు, ఆ బోర్డు చిప్‌సెట్ మెమరీ ఓవర్‌క్లాకింగ్‌ని, అంటే మామూలు వేగం మించి నడపడాన్ని ఒప్పుకోదు, డీడీఆర్4 అయితే 3200తో ఆగుతుంది. కాబట్టి హెచ్610 మీదికి 3600 ర్యామ్ అమ్మితే ఆ ఎక్కువ డబ్బు వృథా.

7600 విషయంలో ఇంకో లెక్క ఉంది. అది ఏఎం5 సాకెట్‌ది (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), డీడీఆర్5 తప్ప వేరే ర్యామ్ తీసుకోదు. 12400కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. ఇంట్లో పాత కంప్యూటర్‌లో 8 జీబీ డీడీఆర్4 కడ్డీలు రెండుంటే, డీడీఆర్4 బోర్డు మీద ఐ5-12400 పెట్టుకోవడం ఇప్పుడు తెలివైన పని.

మే నెల మధ్యాహ్నం పరీక్ష

ఇంటర్నెట్‌లో కనిపించే రివ్యూలలో టెంపరేచర్లు చాలావరకు 20–25 డిగ్రీల గదిలో తీసినవి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. ఏసీ లేని పై అంతస్తు గదిలో 36–38 ఉండటం మామూలే. గది ఎంత పెరిగితే ప్రాసెసర్ దాదాపు అంతే పెరుగుతుంది. రివ్యూలో 70 చూపించింది మన గదిలో 83 దగ్గర ఉంటుంది. ఐ5-12400కి హద్దు 100 డిగ్రీలు. 5600జీకి, 7600కి 95. హద్దు తాకగానే ప్రాసెసర్ కాలిపోదు, వేగం తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు.

12400తో పాటు డబ్బాలో వచ్చే ఆర్‌ఎం1 కూలర్ దానికి సరిపోతుంది. 117 వాట్ల వరకు తీసుకునే అనుమతి ఉన్నా, ఆరు కోర్లూ పూర్తిగా పనిచేసినప్పుడు కూడా ఇది సాధారణంగా అంత దూరం పోదు. 7600 సంగతి వేరు. దాని 65 వాట్లు పేరుకే, సాకెట్ దగ్గర పరిమితి 88 వాట్లు. డబ్బాలో వచ్చే రైత్ స్టెల్త్ చిన్న కూలర్. మన ఎండాకాలంలో పూర్తి లోడ్ మీద హద్దుకి దగ్గరగా తిరుగుతుంది. వేరే కూలర్ కొనే ముందు బయోస్‌లో ఎకో మోడ్ 45 వాట్లకి మార్చి చూడండి. బ్రౌజర్‌లో, ఎక్సెల్‌లో తేడా తెలియదు, వేడీ చప్పుడూ తగ్గుతాయి.

పరీక్ష ఇలా చేయాలి. గదిలో థర్మామీటర్ పెట్టి అంకె రాసుకోండి. ఏసీ ఆపేయండి. వేడి, వేగం చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి సెన్సర్లు మాత్రమే చూపించే పద్ధతిలో పెట్టండి. సినీబెంచ్ ఆర్23లో మల్టీ కోర్ పరీక్షని పది నిమిషాల సెట్టింగుతో నడపండి. ఇంకోసారి ఒక్క రన్ మాత్రమే తీసి ఆ స్కోరు పక్కన పెట్టుకోండి. పది నిమిషాల తర్వాతి స్కోరు ఒక్క రన్ స్కోరు కన్నా ఐదు శాతం మించి పడిపోతే కూలింగ్ చాలడం లేదన్నమాట. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ వరస పక్కన "యెస్" వచ్చిందా అని కూడా చూడండి.

వేడి ఎంత పెరిగిందన్నదానికన్నా ఎంత వేగంగా పెరిగిందన్నది ఎక్కువ చెబుతుంది. పరీక్ష మొదలైన నాలుగైదు సెకన్లలోనే 95–100కి ఎగిరితే కూలర్ ప్రాసెసర్‌కి సరిగా ఆనలేదని అర్థం. అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించి ఉండవచ్చు, మధ్యలో వేడిని దాటించే పేస్ట్ లేకపోవచ్చు, ఒక పిన్ను దిగకపోవచ్చు. అలా కాక ఏడెనిమిది నిమిషాలపాటు మెల్లగా ఎక్కుతూ పోతే కూలర్ బాగానే కూర్చుంది, క్యాబినెట్‌లో గాలి తిరగడం లేదు. క్యాబినెట్ పక్క తలుపు తీసి మళ్ళీ నడపండి. ఐదారు డిగ్రీలు తగ్గితే వెనకాల ఒక ఫ్యాన్ పెట్టిస్తే చాలు, ప్రాసెసర్ తప్పు లేదు.

ఇంటెల్ కూలర్ పుష్ పిన్నుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే 12400 వేడెక్కుతోందన్న ఫిర్యాదుల్లో అసలు కారణం చాలాసార్లు ఇదే. నాలుగు పిన్నుల తలల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం వైపు తిప్పితే వదులవుతుంది. కాబట్టి బిగించే ముందు నాలుగూ బాణానికి ఎదురు దిశలో పూర్తిగా తిప్పి ఉండాలి. తర్వాత మూలకి మూలగా రెండేసి చొప్పున, టిక్కుమనే దాకా నొక్కాలి. బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే ఈ పని చేసి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు పిన్నుల మొనలూ బయటకి వచ్చి విచ్చుకున్నాయో లేదో కళ్ళతో చూడాలి. మూడు దిగి ఒకటి దిగకపోయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది, రోజూ పనిచేస్తుంది, మే నెలలోనే నిజం బయటపడుతుంది.

పాత 10వ, 11వ తరం కూలర్లు దీనికి పట్టవు. ఎల్‌జీఏ1200 సాకెట్‌లో రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 12400 కూర్చునే ఎల్‌జీఏ1700లో 78. మూడు మిల్లీమీటర్లే కదా అని వంచి నొక్కితే కూలర్ ఒక వైపు లేచి ఉంటుంది.

5600జీ వాడేవాళ్ళకి వేరే జాగ్రత్త. అది కూర్చునే ఏఎం4 సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి. రెండు మూడేళ్ళయ్యాక పేస్ట్ ఎండి కూలర్‌కి ప్రాసెసర్‌ని అతికించేస్తుంది. స్క్రూలు తీసి కూలర్‌ని నిటారుగా లాగితే లాక్‌లో ఉన్న ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ముందు ఒక పావుగంట కంప్యూటర్‌ని వాడి వేడెక్కించి, ఆపి, ప్లగ్గు తీసేసి, కూలర్‌ని మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పి పట్టు వదిలాకే పైకి ఎత్తాలి.

దుమ్ము సంగతి చెప్పనవసరం లేదు. పక్కన ఎక్కడో ఒక అపార్ట్‌మెంట్ కడుతూనే ఉంటారు. మూడు నాలుగు నెలలకోసారి బ్లోయర్‌తో కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోండి, లేదంటే విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది.

బోర్డులో కోత పెట్టేటప్పుడు

12400 కింద హెచ్610 బోర్డు పెట్టడంలో తప్పేమీ లేదు. కోల్పోయేది ఏమిటో తెలిసి పెట్టుకోవాలి. రెండే ర్యామ్ స్లాట్లు. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు జెన్3 (మూడో తరం) వేగంతోనే, అంటే సెకనుకి 3,500 ఎంబీ దగ్గర ఆగుతుంది. రోజువారీ పనిలో జెన్3కీ జెన్4కీ తేడా పట్టుకోవడం కష్టం. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి రావడమే పెద్ద మార్పు. దానికి పై స్థాయి బీ660, బీ760 బోర్డులకి జెన్4 స్లాటు ప్రాసెసర్ నుంచి నేరుగా వస్తుంది. నాలుగు ర్యామ్ స్లాట్లున్న మోడళ్ళూ దొరుకుతాయి. 5600జీ మాత్రం ఏ బోర్డు మీద పెట్టినా జెన్3యే, ఎందుకంటే పరిమితి ప్రాసెసర్‌లోనే ఉంది. దానికి బీ550 బోర్డు, జెన్4 ఎస్‌ఎస్‌డీ అంటగడితే ఆ రెండూ దండగ.

14వ తరం ప్రాసెసర్‌ని పాత స్టాకు హెచ్610 బోర్డు మీద పెడితే తెర రాకపోవచ్చు. కొత్త బయోస్ ఉండాలి. షాపులోనే అప్‌డేట్ చేయించి, తెర మీద చూసి తీసుకోండి. 13, 14 తరాల ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజీ అవసరానికి మించి వెళ్ళి క్రమంగా దెబ్బతినే సమస్య బయటపడి, 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు వచ్చాయి. ప్రభావిత మోడళ్ళకి ఇంటెల్ వారంటీని రెండేళ్ళు పొడిగించింది. దెబ్బ ప్రధానంగా ఐ7, ఐ9, కే అక్షరం ఉన్న ఐ5ల మీద. 12వ తరానికి ఈ సమస్య లేదు. సెకండ్ హ్యాండ్‌లో 13వ తరం ఐ7 చవకగా వస్తోందంటే మాత్రం నేను వద్దనే చెబుతాను. అది ఇన్నాళ్ళూ ఏ బయోస్ మీద నడిచిందో తెలుసుకునే దారి లేదు.

ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు అది ర్యామ్‌ని శిక్షణ చేసుకుంటోంది. కంగారుపడి స్విచ్చి ఆపి మళ్ళీ వేస్తే ఆ పని మొదటికొస్తుంది. టీ తాగి రండి.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా. ఫ్యాన్లు తిరుగుతూ తెర రాకపోతే ముందుగా చూడాల్సింది ప్రాసెసర్ పక్కన, బోర్డు పై మూలలో ఉండే పవర్ కేబుల్. పెద్ద 24 పిన్నుల కేబుల్ పెట్టి దీన్ని మర్చిపోవడం తరచూ జరుగుతుంది. మంచి 400–450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ మూడింటికీ ధారాళంగా సరిపోతుంది.

కరెంటు ఖర్చు గురించి అడిగేవాళ్ళు ఎక్కువే. గ్రాఫిక్స్ కార్డు లేని ఇలాంటి డెస్క్‌టాప్ మామూలు పనిలో, మానిటర్ కాకుండా, 40 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. రోజుకి ఎనిమిది గంటల చొప్పున నెలకి 9.6 యూనిట్లు. పూర్తి లోడ్‌లో 12400కీ 7600కీ ఉన్న తేడా బిల్లులో కనబడదు, ఎందుకంటే ఇంటి కంప్యూటర్ రోజంతా దాదాపు ఖాళీగానే ఉంటుంది. 600 వీఏ యూపీఎస్ చాలు.

షాపులో పావుగంట

పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ అవసరం లేని సీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో పట్టుకెళ్ళండి. వాటితో పాటు మీరు రోజూ తెరిచే ఫైళ్ళలో అన్నిటికన్నా బరువైనది: వేల వరసలున్న ఎక్సెల్, వంద పేజీల స్కాన్ పీడీఎఫ్, ఏదైనా సరే. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి అది తెరుచుకునే సమయం చూడండి. మొదటిసారి లెక్కలోకి తీసుకోకండి, అందులో డిస్క్ వేగం కలిసి ఉంటుంది. రెండోసారి, మూడోసారి తెరిచినప్పటి సమయం ప్రాసెసర్‌కి దగ్గరగా ఉంటుంది. అదే ఫైలుని ముందు రోజు ఇంట్లో పాత కంప్యూటర్ మీద కొలిచి ఉంచుకుంటే, డబ్బు పెట్టి ఎంత సమయం కొంటున్నారో సెకన్లలో తెలిసిపోతుంది. పన్నెండు సెకన్లది ఐదుకి తగ్గితే కొనండి. ఐదుది నాలుగున్నర అయితే ప్రాసెసర్ మార్చడం కన్నా ర్యామ్ పెంచుకోవడం మంచిది. బ్రౌజర్ కోసం స్పీడోమీటర్ 3 పరీక్ష ఉంది, వెబ్ పేజీలోనే రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. రెండు కంప్యూటర్ల మీదా ఒకే బ్రౌజర్ వాడండి, లేకపోతే పోల్చడంలో అర్థం లేదు.

బాక్స్ ప్రాసెసర్‌కి కూలర్, కంపెనీ మూడేళ్ళ వారంటీ ఉంటాయి. ట్రే అని అమ్మేది డబ్బా, కూలర్ లేకుండా వస్తుంది, వారంటీ అమ్మినవాడి మాట మీదే. ధర తక్కువ చెప్పినప్పుడు బాక్సా ట్రేనా అని తప్పకుండా అడగండి. డబ్బా మీది సీరియల్ నంబర్ జీఎస్‌టీ బిల్లులో ఉండాలి. 18 శాతం పన్ను తప్పించడానికి కచ్చా బిల్లు తీసుకుంటే రెండేళ్ళ తర్వాత సర్వీస్ సెంటర్‌లో చూపించడానికి ఏమీ మిగలదు.

చవకగా దొరికే రిఫర్బిష్డ్ (బాగుచేసి మళ్ళీ అమ్మే పాత) డెస్క్‌టాప్‌ల విషయంలో తరం చూడండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆపైన, ఏఎండీలో రైజెన్ 2000 లేదా ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కూడా కావాలి. ఐ5-6500, ఐ5-7500 ఎంత చవకైనా ఇప్పుడు వద్దు. ఐ5-8500కి ఆరు కోర్లున్నాయి, మీసేవ కౌంటర్ లాంటి పనికి ఇంకా పనికొస్తుంది.

నా ఎంపిక అడిగితే ఇలా చెబుతాను. బ్రౌజర్, అకౌంట్స్, స్కానింగు మాత్రమే అయితే ఐ3-12100 చాలు, మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్‌కి, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. డీటీపీకి, ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌కి ఐ5-12400. ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్, వర్చువల్ మెషీన్లు నడిపే విద్యార్థికి కూడా 12400యే, కానీ ర్యామ్ 32 జీబీ ఉండాలి. అక్కడ ముందు అయిపోయేది మెమరీ, కోర్లు కాదు. పిల్లలు చిన్న గేములు ఆడతారంటే 5600జీ, రెండు కడ్డీల ర్యామ్‌తో. 7600 మంచి ప్రాసెసర్, మూడింటిలోకీ వేగమైనది. ఏఎం5కి 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది, మూడు నాలుగేళ్ళలో మార్చుకునే అలవాటున్నవాళ్ళకి అది విలువైన మాట. ఏడెనిమిదేళ్ళు అదే కంప్యూటర్ వాడే ఇళ్ళలో మాత్రం, మార్చే రోజు వచ్చేసరికి బోర్డు, ర్యామ్ అన్నీ మారుతాయి. వాళ్ళు భవిష్యత్తు సాకెట్ కోసం ఇవాళ ఎక్కువ పెట్టనవసరం లేదు.

ఇంటికి తెచ్చాక మొదటి వారంలోనే రెండు పనులు ముగించండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ మీద వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ కడ్డీ వెనక్కి ఇచ్చేయాల్సిందే. తర్వాత విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి డబ్ల్యూహెచ్‌ఈఏ (WHEA) అనే హార్డ్‌వేర్ ఎర్రర్లున్నాయేమో వెతకండి. ఉంటే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపేసి రెండు రోజులు చూడండి. అయినా వస్తుంటే బిల్లు పట్టుకుని షాపుకి వెళ్ళండి. బయోస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే యూపీఎస్ మీద పెట్టి, అది పూర్తిగా చార్జ్ అయి ఉందని చూసుకుని చేయండి. సాయంత్రం గాలివాన సూచనలుంటే మర్నాటికి వాయిదా వేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్ళీ లేవకపోవచ్చు.